స్పీడు పెంచితేనే వేడెక్కే బోటు ఇంజన్: నా అనుభవం

మా మోటారు బోటు టెంపరేచర్ మీటర్‌లో ముల్లు ఎప్పుడూ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచేది. ఈ సీజన్‌లో మాత్రం బోటు వేగం అందుకోగానే 80 దాటి 90 వైపు పాకడం మొదలుపెట్టింది. నెమ్మదిగా పోనిస్తే మళ్లీ కిందికి దిగేది. కళ్లు నీళ్ల మీద కాక మీటరు మీదే ఉండేవి. అంత టెన్షన్!

కారు ఇంజన్‌కి 90 మామూలే కదా, దీనికేం అని అడిగినవాళ్లున్నారు. బోటు సంగతి వేరు. మా ఇంజన్ బయటి నీళ్లనే తోడుకుని, లోపల తిప్పి, వదిలేసే రకం. వీటికి 60 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ అనే వాల్వ్ ఉంటుంది. అంతకంటే బాగా వేడెక్కితే సముద్రపు నీళ్లలోని లవణాలు లోపలి దారుల్లో పేరుకుంటాయి. కూలెంట్ లోపలే తిరుగుతూ, బయటి నీళ్లు హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో దాన్ని చల్లబరిచే ఇంజన్లు ఇంకో రకం. వాటికి 70 నుంచి 80 మామూలే. అంటే పక్క బోటులో 80 చూసి మనమూ ధీమాగా ఉండటానికి లేదు.

ముందు మీటరు నిజం చెబుతోందా అని చూశాను. సెన్సర్ పాడైనా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా ముల్లు తప్పు చూపిస్తుంది. స్నేహితుడు బోటు నడుపుతుంటే థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. దాదాపు అదే అంకె. వేడి నిజమే. థర్మోస్టాట్ విప్పి నీళ్లగిన్నెలో వేసి కాచితే సరిగ్గానే తెరుచుకుంది. పంపులో తిరుగుతూ నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ కూడా కొత్తగా, రెక్కలన్నీ మెత్తగా, బాగానే ఉంది. నీళ్లు లాగే గొట్టం నొక్కి చూస్తే గట్టిగానే ఉంది.

ఇక్కడే నాకు అసలు ఆధారం దొరికింది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజన్‌కి కొద్ది నీళ్లు చాలు, వేగంలో చాలా కావాలి. తోడే పంపు బాగానే ఉంది కాబట్టి ఆ తర్వాతే ఎక్కడో దారి ఇరుకైంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ కూలర్ గుర్తొచ్చింది. బయటి నీళ్లు సన్నటి గొట్టాల గుండా పోయే చోటు అది. దాని హోస్ ఊడదీసి టార్చి వేశాను. లోపల నల్లగా, వంకరగా ఏదో అడ్డం పడి ఉంది. పటకారుతో లాగితే పాత ఇంపెల్లర్ రెక్క ముక్క! దాని వెనక ఇంకో రెండు, వాటికి పట్టుకుని గవ్వముక్కలు, ఇసుక. నేను బోటు కొనకముందు ఎవరో ఇంపెల్లర్ మార్చారు, విరిగిపోయిన ముక్కలు మాత్రం ఎటు పోయాయో వెతకలేదు. నా ఉద్దేశంలో ఇంపెల్లర్ మార్చే పనిలో ఇదే ముఖ్యం. పాతదాని రెక్కలు లెక్కపెట్టాలి, తక్కువైతే దొరికేదాకా పంపు మూత బిగించకూడదు.

కూలర్‌ని ఎదురు దిశలో నీళ్లతో కడిగాను. ఎగ్జాస్ట్ ఎల్బోలు (పొగ, నీళ్లు కలిసి బయటికి పోయే వంపు గొట్టాలు) కూడా అనుమానించాల్సినవే, కానీ ఇంజన్‌కి రెండు వైపులా థర్మామీటర్ ఒకేలా చూపించడంతో వాటిని విప్పలేదు.

తర్వాత ఫుల్ థ్రాటిల్‌లో కూడా ముల్లు 65 దాటలేదు. ఇంజన్ ఆపాక తాళం తిప్పి చూస్తే మాత్రం కాస్త పైకెక్కింది. నీళ్లు ఆగిపోయాక ఇనుములో మిగిలిన వేడి అది, కంగారు అక్కర్లేదు. మళ్లీ స్టార్ట్ చేయగానే దిగిపోయింది.