జపాన్‌లో ఏ వేడినీటి బుగ్గల ఊరు?

బెంగళూరు నుంచి టోక్యో దగ్గరి నరిటాకు నేరు విమానం ఉంది కాబట్టి, మన తెలుగు కుటుంబాల్లో వేసవి సెలవులకు జపాన్ అనుకునేవాళ్లు పెరిగారు. ఆన్‌సెన్, అంటే వేడినీటి బుగ్గల ఊరి దగ్గరికొచ్చేసరికి చాలామంది గిన్‌జాన్ అనే ఊరి మంచు ఫొటో చూసి మనసు పారేసుకుంటారు. అందమైన ఊరే, కానీ గదులు కొద్ది. చలికాలంలో పగలు చూసి వెళ్లిపోయేవాళ్లకు కూడా ఇప్పుడు ఆంక్షలున్నాయి. మొదటిసారికి దాన్ని పక్కన పెట్టి, ముందు ఇంట్లో రెండు సంగతులు తేల్చుకోండి. పరాయివాళ్ల ముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా స్నానం చేయగలమా? చేప రసం తగిలిన భోజనం తినగలమా?

సంప్రదాయ స్నానశాలల్లో స్విమ్‌సూట్‌తో నీళ్లలోకి దిగనివ్వరు. ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడి గదులే, అయినా లోపల అందరూ దిగంబరంగానే ఉంటారు. అత్తాకోడళ్లు, మామా అల్లుళ్లు కలిసి వెళ్లే ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు. అలాంటివాళ్లు ‘కషికిరి’ ఉన్న బస వెతుక్కోవాలి. అంటే ముప్పావుగంటో గంటో మన ఇంటివాళ్లకే వదిలిపెట్టే స్నానాల గది. హకోనేలో ఇలాంటివి బాగానే దొరుకుతాయి. టోక్యోలోని షిన్‌జుకు స్టేషన్‌లో రొమాన్స్‌కార్ రైలెక్కితే గంటన్నరలో హకోనే-యుమోతో. చేతిలో ఒక్క రాత్రే ఉంటే అక్కడికే వెళ్లండి. కాకపోతే హకోనే అంటే కొండల్లో చెదిరి ఉన్న చాలా ఊళ్లు. యుకాతా అనే పలచటి నూలు అంగీ కట్టుకుని, చెక్క చెప్పులు టకటకలాడిస్తూ ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి నడిచే సరదా అక్కడ ఉండదు.

ఆ సరదా కినోసాకిది. క్యోటో నుంచి రెండున్నర గంటల రైలు ప్రయాణం. ఊళ్లో ఏడు వీధి స్నానశాలలు, రాత్రి బస చేసేవాళ్లకు వాటిలో ప్రవేశం ఉచితం. పచ్చబొట్టు ఉన్నా అడ్డు చెప్పరు. మన పెద్దవాళ్ల చేతుల మీద పచ్చబొట్లు మామూలే కదా, చాలా ఊళ్లలో వాటికే అభ్యంతరం పెడతారు. అయితే నవంబరు నుంచి మార్చి దాకా కినోసాకిలో పీతల కాలం. గది ధర పెరుగుతుంది, భోజనమంతా పీతలే.

శాకాహారులకు అసలు చిక్కు పీతలతో కాదు, దాషి అనే వంట రసంతో. ర్యోకాన్, అంటే సంప్రదాయ సత్రం ధర సాధారణంగా మనిషికి ఇంత అని, రాత్రి భోజనం, ఉదయం టిఫిను కలిపి ఉంటుంది. ‘వెజిటేరియన్’ అంటే చేపముక్క తీసేస్తారు గానీ, సోయా ముద్దతో చేసే మీసో సూపులో, ఉడికించిన కూరలో ఎండు చేప నుంచి తీసిన దాషి అలాగే ఉండిపోతుంది. అందుకే బుక్ చేసేటప్పుడే ‘చేప దాషి వద్దు, కొంబు (సముద్రపు నాచు) దాషి కావాలి’ అని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే ‘సుదొమరి’, అంటే భోజనం లేని గది తీసుకోండి.

అలా తీసుకునేవాళ్లకు బెప్పును మించిన ఊరు లేదు. అక్కడ కన్నవా పేటలో వీధి కాలువల్లోంచి కూడా ఆవిరి పైకి లేస్తుంటుంది. ‘జిగోకు-ముషి’ వంటశాలలో ఆ ఆవిరి పొయ్యిని నిమిషాల లెక్కన అద్దెకిస్తారు, కూరగాయలు మనమే తీసుకెళ్లొచ్చు. గుమ్మడి, క్యాబేజీ, మొక్కజొన్న, చిలగడదుంప బుట్టలో పేర్చి దించి, మూత పెట్టడమే. చిలగడదుంపకు అరగంట పడుతుంది. ఆవిరిలోని ఖనిజాల వల్ల ముక్కకు లేత ఉప్పదనం పడుతుంది. బెంగళూరు నుంచి కందిపొడి పట్టుకెళితే ఇంక కావలసిందేముంది! పక్కవాళ్లు అదే చోట పీతలు, పంది మాంసం వండుతుంటారు, నిష్ఠగలవాళ్లు అది తెలిసే వెళ్లాలి. బెప్పు టోక్యోకు దూరం. హనెడా నుంచి ఓయితాకు విమానం, అక్కణ్ణుంచి బస్సు.

నీళ్ల కోసమే వెళ్లేవాళ్లకు మాత్రం నా మాట కుసాత్సు. టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి నగనోహర-కుసాత్సుగుచికి రైల్లో రెండున్నర గంటలు, తర్వాత బస్సులో ఇంకో అరగంట లోపే. ఊరి నడిబొడ్డున ‘యుబతకె’లో యాభై డిగ్రీలు దాటిన నీళ్లు చెక్క కాలువల గుండా పారి చల్లారతాయి. చన్నీళ్లు కలిపితే నీటి గుణం పలచబడుతుందని, నీళ్లను ఆరడుగుల పలకలతో కలియబెట్టి చల్లార్చడం ఇక్కడి ఆచారం. పీహెచ్ సుమారు 2, అంటే నిమ్మరసమంత పులుపు. అప్పుడే షేవ్ చేసుకున్న చర్మం భగ్గుమంటుంది, చేతులతో కళ్లు తుడుచుకుంటే ఇక చెప్పక్కర్లేదు. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. గంధకం వల్ల వెండి నల్లబడుతుంది కాబట్టి మెట్టెలు, పట్టీలు గదిలోనే తీసి పెట్టండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే డాక్టర్‌ను అడగాలి.

ఏ ఊరైనా బట్టలు మార్చుకునే గదిలో నీళ్ల వివరాల కాగితం చూడండి. చన్నీళ్లు కలిపారా, వేడిచేశారా, వాడిన నీళ్లే తిప్పుతున్నారా, క్లోరిన్ వేశారా అన్నది 2005 నుంచి చెప్పి తీరాలి. ‘కకెనగషి’ అని ఉంటే నీళ్లు తిప్పి వాడకుండా కొత్తవి వస్తూ, పాతవి పొర్లిపోతున్నట్టు.

తేదీల దగ్గర జాగ్రత్త. మన పిల్లల వేసవి సెలవుల్లోనే, ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు, జపాన్‌లో గోల్డెన్ వీక్, అంటే వరస సెలవుల వారం. గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. దసరా సెలవులు నయం, అక్టోబరు రెండో సగమైతే కుసాత్సు కొండల్లో ఆకులు ఎర్రబారతాయి. విమానం దిగిన రోజే ర్యోకాన్ పెట్టుకోకండి. భోజనం ఆరు, ఏడు మధ్యే వడ్డిస్తారు, ఆలస్యమైతే డబ్బు కట్టిన భోజనం పోయినట్టే. ఆ రాత్రికి టోక్యోలో పడుకుని, పెద్ద సూట్‌కేసు ‘తక్క్యూబిన్’ అనే సామాన్ల కొరియర్‌లో తర్వాతి హోటల్‌కు పంపేసి, చిన్న సంచితో పొద్దున్నే రైలెక్కండి.