పచ్చళ్లు సరే, ఐ-20 ఎక్కడ పెట్టావ్?

పోయిన వారం మా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఓరియంటేషన్‌లో (క్లాసులు మొదలయ్యే ముందు కొత్తవాళ్లకి అన్నీ చెప్పే కార్యక్రమంలో) కొత్త పిల్లల్ని చూసుకోవడానికి సీనియర్లు కావాలి, టీషర్టు ఇస్తాం, పిజ్జా పెడతాం అని. పిజ్జా కోసమే ఒప్పుకున్నాను, దాచుకోవడం ఎందుకు. తీరా ఒప్పుకున్నాక తెలిసింది, ఇండియా నుంచి వచ్చేవాళ్లతో ఓ ఐదు నిమిషాలు మాట్లాడాలట కూడా. ఏం చెప్పాలా అని రెండు రోజులుగా ఆలోచిస్తుంటే, నేను వచ్చినప్పుడు చేసిన వెధవ పనులే గుర్తొస్తున్నాయి.

మా ఊరు ఖమ్మం. ఇప్పుడుండేది అరిజోనాలోని టెంపీలో, చదివేది అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో. రాకముందు రెండు నెలలు ఇంట్లో నడిచిన చర్చంతా సూట్‌కేసు గురించే. 23 కేజీలవి రెండు. గోంగూర ఎంత, కారప్పొడి ఎంత, కుక్కర్ లోపల ఏం కుక్కితే చోటు కలిసొస్తుంది, ఇవే మాటలు. కాయితాల ఫైలు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఎలాగూ ఉంటుంది కదా అన్నట్టు.

ఎక్కడుందో శంషాబాద్‌లో తెలిసింది. చెక్-ఇన్ లైన్లో నా ముందు ఇద్దరే ఉన్నారు, అప్పుడు వెలిగింది. ఐ-20, అంటే స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాయితం, పెద్ద సూట్‌కేసులో ఉంది. అమెరికాలో దిగాక ముందు ఇమిగ్రేషన్, ఆ తర్వాతే బ్యాగులు, అంటే వాళ్లు కాయితం అడిగే టైముకి అది నా చేతిలో ఉండదు. ఆ సూట్‌కేసుకేమో నాన్న నైలాన్ తాడు కట్టి, దాని మీద బ్రౌన్ టేపు నాలుగు చుట్లు చుట్టాడు. కత్తెర లేదు. నాన్న ఇంటి తాళంచెవితో టేపు కోస్తుంటే, అమ్మ కింద కూర్చుని ఒక్కొక్క డబ్బా బయటికి తీసి చున్నీ మీద పేరుస్తోంది, వెనక లైన్లో వాళ్లంతా మా గోంగూర వైపే చూస్తున్నారు. ఫైలు అట్టడుగున దొరికింది, ఒక మూల నూనె మరకతో. ఆ మరక ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి నా ఐదు నిమిషాల్లో మొదటి నిమిషం దీనికే. పాస్‌పోర్టు, ఐ-20, అడ్మిషన్ లెటర్, ఫీజు కాయితాలు, టీకాల కాయితం, అన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఆ ఫైలు భుజానికి తగిలించుకునే బ్యాగులో వేసుకోవాలి. పచ్చి కరివేపాకు మాత్రం వద్దే వద్దు, దాన్ని ఇక్కడికి రానివ్వరు. ఐ-20లో ఉన్న మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద దిగనివ్వరు, మంచి ముహూర్తం ఉందని టికెట్ ముందుకు జరుపుకునేవాళ్లు అది చూసుకోండి.

టీకాల సంగతి ఇంకా ముఖ్యం. ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు అడుగుతారు, రెండింటికీ మధ్య కనీసం 28 రోజులు గడవాలి. చిన్నప్పటి కార్డు మన ఇళ్లలో దొరికితే అదృష్టమే, మా ఇంట్లో దొరకలేదు. ప్రయాణం వారంలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తితే ఆయన మాత్రం ఏం చేస్తాడు, రోజుల్ని దగ్గరికి జరపలేడు కదా.

ఇక ఓరియంటేషన్ రోజు. ఆగస్టులో టెంపీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు చూసిన ప్రాణం నాకేంటి అనుకున్నాను. ఇక్కడిది పొడి ఎండ, చెమట పట్టినట్టే తెలీదు, మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. హాల్లోకి వెళ్తే మళ్లీ ఏసీకి పళ్లు టకటకలాడతాయి, అందుకని స్వెట్టర్ కూడా. (అమ్మ ఈ మాట చెప్తే అప్పుడు నవ్వాను.) క్లాసు ఏ క్యాంపస్‌లోనో ముందే చూసుకోండి, పాలిటెక్నిక్ అని రాసుంటే అది పక్క బిల్డింగ్ కాదు, మన డిప్లొమా కాలేజీ కూడా కాదు, మెసాలో ఉండే వేరే క్యాంపస్. టెంపీ ఊళ్లో తిరగడానికి ఆర్బిట్ అని ఫ్రీ బస్సులున్నాయి, రూట్ల పేర్లు మెర్క్యురీ, వీనస్, ఎర్త్, మార్స్, జూపిటర్, ఇలా ఉంటాయి. నవగ్రహాల్లో సగం ఇక్కడే తిరుగుతున్నాయని అమ్మకి చెప్తే నమ్మలేదు.

నాకు అసలు చెప్పాలనున్నది మాత్రం వేరే ఉంది. పోయినేడు హాల్లో మన తెలుగువాళ్లం రెండు వరసలు నిండా కూర్చున్నాం. స్టేజీ మీదున్నావిడ గంటసేపు వీసా రూల్స్ చెప్పి, ఎవరికైనా డౌట్లున్నాయా అని మూడుసార్లు అడిగింది. మా రెండు వరసల్లో ఒక్క చెయ్యి లేవలేదు. బయటికొచ్చి పది నిమిషాలు కాకుండానే వాట్సాప్ గ్రూపులో నలభై ప్రశ్నలు! రెండు ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటే పర్లేదా అని ఒకరు అడిగితే, ఏం పర్లేదు బ్రో అని ఎవరో చెప్పేశారు. పర్లేదు కాదు, చాలా పర్వా ఉంది. మాస్టర్స్‌లో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు (క్లాసులకి వేసే లెక్క) ఉండాలి, పూర్తి ఆన్‌లైన్ క్లాసు ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. క్యాంపస్ ఉద్యోగం సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే, అనుమతి లేకుండా బయట పని అసలు కుదరదు. ఇందులో తేడా వస్తే గ్రూపులో సలహా ఇచ్చిన బ్రోకి ఏమీ కాదు, పోయేది మీ వీసా స్టేటస్.

గ్రూపు వద్దనడం లేదు. రూముకి, పరుపుకి, ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి అంతకంటే దిక్కు లేదు, నేనూ అందులోనే రూమ్ వెతుక్కున్నాను. కానీ వీసా మాట వస్తే హాల్లోనే చెయ్యెత్తండి. ఇంగ్లీషు తడబడుతుందని సిగ్గు వద్దు, ఆ హాల్లో సగం మంది ఇంగ్లీషు తడబడేదే.

ఇంకొకటి, ఇది ఇంట్లోవాళ్లకి. అరిజోనాలో గడియారం ముందుకీ వెనక్కీ జరపరు, కాబట్టి మనకీ వీళ్లకీ తేడా ఏడాది పొడవునా పన్నెండున్నర గంటలే. మీకు రాత్రి తొమ్మిదైతే మాకు పొద్దున ఎనిమిదిన్నర. మీరు తెల్లారి లేచి చేస్తే ఫోన్ ఎత్తలేదని కంగారు పడకండి, అప్పుడు మాకు ముందురోజు సాయంత్రం, క్లాసులో ఉంటాం.

ఇదంతా రాస్తుండగానే వరంగల్ నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, వచ్చే వారమే తన ఫ్లైటు. "అక్కా, కుక్కర్ మూడు లీటర్లది తేనా, ఐదుదా?"

మూడు చాలు, ఐ-20 ఎక్కడ పెట్టావ్ అని అడిగాను.

"పెద్ద సూట్‌కేసులో అక్కా, అడుగున పెట్టాను. నలగకుండా."