ఒక్కసారి కూడా ‘అలౌ’ నొక్కకుండా 72 మెయిళ్లు

వెళ్లాయి! నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్‌లోని 72 ఫ్లాట్ల మెయింటెనెన్స్ బిల్లులు ఎక్సెల్‌లో నేను రాసుకున్న మాక్రోతో (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామ్) ఔట్‌లుక్ మీదుగా వరసగా వెళ్లిపోయాయి. పంపేముందు ‘అలౌ’ (అనుమతించు) నొక్కమని ఔట్‌లుక్ అడిగే హెచ్చరిక పెట్టె ఎక్కడ వస్తుందోనని చివరిదాకా మౌస్ మీద చెయ్యి తియ్యలేదు. రాలేదు. మొత్తం 2 నిమిషాల 10 సెకన్లు.

ఫ్లాట్‌వారీగా పీడీఎఫ్ తయారు చేయడం, మెయిల్‌కి అటాచ్ చేయడం మొదటి నెలలోనే కుదిరాయి. మూడు నెలలు నన్ను తిప్పలు పెట్టింది ఆ పెట్టె ఒక్కటే.

దాన్ని చూసినవాళ్లు మర్చిపోరు. ‘ఒక ప్రోగ్రామ్ మీ తరఫున మెయిల్ పంపాలని చూస్తోంది’ అంటుంది. కింద ఆకుపచ్చ పట్టీ మెల్లగా నిండుతుంది. అది నిండేదాకా ‘అలౌ’ బటన్ వెలిసిపోయి ఉంటుంది, నొక్కినా పలకదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, సుమారు 5 సెకన్లు. మనం చూసుకుని నొక్కడం, తర్వాతి మెయిల్ తయారవడం కలిపితే మెయిల్‌కి 9 సెకన్లు పడుతోంది. 72 మెయిళ్లకి 10 నిమిషాల 48 సెకన్లు.

నాకు ఇంకో పెట్టె కూడా వచ్చేది. మెయిల్ కింద నా సంతకం ఉండాలని ముందు మెయిల్‌ని తెర మీద తెరిచి, అందులో ఉన్న హెచ్‌టీఎంఎల్‌బాడీని (మెయిల్ లోపలి మాటలని) చదివి, దానికి ముందు బిల్లు మాటలు కలిపేవాణ్ణి. అందరూ వాడే పద్ధతే. కానీ బాడీలో రాయడానికి ఔట్‌లుక్ ఏమీ అనదు, బాడీని చదివితే మాత్రం అనుమతి అడుగుతుంది. ఆ పెట్టెలో నిమిషాలు ఎంచుకోవచ్చు, అన్నిటికన్నా ఎక్కువ 10. నేను 10 ఎంచుకునేవాణ్ణి. 9 సెకన్ల లెక్కన 67వ మెయిల్ దగ్గర గడువు తీరిపోయి మళ్లీ అడిగేది. ఎందుకు సరిగ్గా అక్కడే ఆగుతోందో తెలియక ఆ ఫ్లాట్ వాళ్ల మెయిల్ అడ్రస్‌లో తప్పుందేమోనని రెండు రోజులు వెతికాను. పంపేటప్పుడు వచ్చే పెట్టెలో ఈ నిమిషాల సౌకర్యం లేదు, ప్రతి మెయిల్‌కీ విడిగా నొక్కాల్సిందే.

రెండో నెలలో పెద్ద నష్టమే జరిగింది. 41వ మెయిల్ దగ్గర చెయ్యి జారి ‘డినై’ (వద్దు) మీద పడింది. ఎర్రర్ 287, మాక్రో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి నడిపితే 40 ఫ్లాట్లకి బిల్లు రెండోసారి వెళ్లింది. రెండుసార్లు కట్టాలా అని మర్నాడు పొద్దున 302 పెద్దాయన లిఫ్ట్ దగ్గర అడిగారు. ఆయన అప్పటికే రెండోసారి కట్టేశారేమోనని నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రోజే షీట్‌లో ‘పంపిన సమయం’ అని ఒక కాలమ్ పెట్టాను. సెండ్ లైన్ దాటగానే అక్కడ తేదీ, టైమ్ పడతాయి. అది నిండి ఉన్న వరసను మాక్రో ముట్టుకోదు. పెట్టెలు వచ్చినా రాకపోయినా ఈ కాలమ్ ఉండాలి.

ఇక నేను చేసిన ప్రయత్నాలు. మొదట సెల్ఫ్‌సర్ట్ అనే ఆఫీస్ టూల్‌తో మాక్రోకి డిజిటల్ సంతకం చేశాను. ఎక్సెల్‌లో మాక్రోల గురించి హెచ్చరించే పసుపు పట్టీ పోయింది, ఔట్‌లుక్ పెట్టె పోలేదు. ఫైల్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌లో (ఎక్సెల్ నమ్మే ఫోల్డర్‌లో) పెట్టినా అదే తంతు. ఎక్సెల్ తాళం వేరు, ఔట్‌లుక్ తాళం వేరు అని అప్పుడు అర్థమైంది. తర్వాత మెయిల్ తెరిచి, మన బదులు కీలు నొక్కే సెండ్‌కీస్‌తో ఆల్ట్, ఎస్ (సెండ్ బటన్ కీలు) కొట్టించాను. పది మెయిళ్లలో తొమ్మిది వెళ్లాయి. పదోదాని సమయానికి వాట్సాప్ కిటికీ ముందుకొచ్చింది, ఆ కీలు దానికి పోయాయి. పైగా నమ్‌లాక్ ఆరిపోతోంది. డబ్బుల వ్యవహారానికి సెండ్‌కీస్ పనికిరాదు, ఇది నా గట్టి అభిప్రాయం.

మన బదులు ‘అలౌ’ నొక్కే చిన్న ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. ఔట్‌లుక్ భద్రతా సెట్టింగ్‌లుండే ట్రస్ట్ సెంటర్‌లో ప్రోగ్రమాటిక్ యాక్సెస్ కింద ‘ఎప్పుడూ హెచ్చరించవద్దు’ అనే ఎంపిక కూడా ఉంది. రెండూ నాకు నచ్చవు. 1999లో మెలిస్సా, 2000 మే నెలలో ఐలవ్‌యూ వైరస్‌లు ఔట్‌లుక్ అడ్రస్ బుక్ పట్టుకునే ఊళ్లమీద పడ్డాయి. ఈ కాపలా వచ్చింది ఆ తర్వాతే. నా మెషీన్‌లో 72 కుటుంబాల అడ్రస్‌లు ఉన్నాయి. నా సౌకర్యం కోసం గేటు మొత్తం తీసి పెట్టలేను.

అయినా ఆ సెట్టింగ్ ఎలా ఉందో చూద్దామని తెరిచాను. ఎంపికలన్నీ వెలిసిపోయి ఉన్నాయి. అడ్మిన్‌గా ఔట్‌లుక్ తెరిస్తేనే మార్చనిస్తుంది. అలా తెరిచి, మూసెయ్యకుండా మాక్రో నడిపితే ఎర్రర్ 429. ఔట్‌లుక్ అడ్మిన్ హోదాలో, ఎక్సెల్ మామూలు హోదాలో ఉంటే ఒకదాన్ని ఒకటి చూసుకోలేవు. దీనికో గంట పోయింది.

దారి చూపింది మా బామ్మర్ది లాప్‌టాప్. అదే ఫైలు, అదే ఆఫీస్ 2016. టెస్ట్ కోసం నాకే 5 మెయిళ్లు పంపితే ఒక్క పెట్టె కూడా రాలేదు. రెండు మెషీన్లూ పక్కపక్కన పెట్టి ప్రోగ్రమాటిక్ యాక్సెస్ తెర తెరిచాం. రెండింటిలోనూ ఎంపిక ఒకటే: యాంటీవైరస్ పనిచేయకపోయినా పాతబడినా హెచ్చరించు. తేడా ఆ కింద చిన్న అక్షరాల్లో ఉంది. వాడిదాంట్లో ‘యాంటీవైరస్ స్టేటస్: వ్యాలిడ్’. నాదాంట్లో ‘ఇన్‌వ్యాలిడ్’.

నా దగ్గర డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, దాని గడువు ఏప్రిల్‌లో తీరింది. ఐకాన్ మాత్రం కింద మామూలుగానే కనిపిస్తోంది, అందుకే అనుమానం రాలేదు. తీసేశాను, రీస్టార్ట్ చేశాను. ఇంకా ఇన్‌వ్యాలిడ్. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ కూడా లేవలేదు. విండోస్ కమాండ్‌లు కొట్టే పవర్‌షెల్‌లో సెక్యూరిటీసెంటర్2 (విండోస్ యాంటీవైరస్‌లను నమోదు చేసుకునే చోటు) కింద ఉన్న యాంటీవైరస్‌ల జాబితా అడిగితే రెండు పేర్లు వచ్చాయి: డిఫెండర్, తీసేసిన ఆ పాతది. ఆ పేరు అక్కడ ఉన్నంతకాలం డిఫెండర్ తప్పుకునే కూర్చుందని నా అంచనా. ఆ కంపెనీ వాళ్లదే విడిగా ఒక తొలగింపు టూల్ ఉంది. దాన్ని నడిపి మళ్లీ రీస్టార్ట్ చేస్తే జాబితాలో ఒక్క పేరే మిగిలింది, డిఫెండర్ లేచింది, స్టేటస్ వ్యాలిడ్ అయింది. ఇంట్లో వాడే మెషీన్‌కి ఇక డిఫెండర్ చాలు, మళ్లీ కొనను.

సంతకం కోసం బాడీ చదవడం కూడా మానేశాను. ఇప్పుడు దాన్ని షీట్‌లో ఒక సెల్‌లో పెట్టి అక్కడి నుంచే తెస్తున్నాను.

సీడీఓతో (మాక్రో నుంచే మెయిల్ పంపే విండోస్ భాగం) నేరుగా జీమెయిల్ సర్వర్‌కి పంపడం కూడా చూశాను. 465 పోర్టు, ప్రోగ్రామ్‌ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్‌తో బాగానే పనిచేసింది, ఔట్‌లుక్ అవసరమే లేదు. కానీ ఆ పాస్‌వర్డ్ మాక్రోలో ఉంటుంది. ఈ ఫైలు రేపు కమిటీ మారితే కొత్త ట్రెజరర్ చేతికి వెళ్తుంది. అందుకే వదిలేశాను.

కొత్త ఔట్‌లుక్ ఇలా ఎక్సెల్ మాట వినదు, కాబట్టి పాతదాన్ని పట్టుకుని ఎంతో కాలం ఉండలేం. గూగుల్ షీట్స్‌కి మారే పని మొదలుపెట్టాను. అక్కడ అనుమతి మొదటిసారే అడుగుతుంది. అక్కడి స్క్రిప్ట్‌లో (షీట్స్ మాక్రోలో) మెయిల్ పంపే ఆదేశాలు రెండు రకాలు. జీమెయిల్‌యాప్ వాడితే మెయిళ్లన్నీ చదివి, శాశ్వతంగా తొలగించే హక్కు దాకా కోరుతుంది. మెయిల్‌యాప్ పంపే హక్కుతో సరిపెట్టుకుంటుంది. బిల్లులకి రెండోదే సరి. సెల్ మార్చగానే నడిచే మామూలు ఆన్‌ఎడిట్ ఫంక్షన్‌కి మెయిల్ పంపే వీలు లేదు, దాన్ని నడిపించే ట్రిగ్గర్ విడిగా పెట్టాలి.

చిక్కు లెక్క దగ్గర వచ్చింది. మామూలు జీమెయిల్‌లో స్క్రిప్ట్ ద్వారా రోజుకి 100 మందికే పంపగలం. మావి 72 ఫ్లాట్లు, 31 ఇళ్లలో భార్యాభర్తలిద్దరి అడ్రస్‌లూ ఉన్నాయి, మొత్తం 103. ఈ నెల 30న ఏ బ్లాక్ 36 ఫ్లాట్లు, మర్నాడు బీ బ్లాక్ 36 పెడుతున్నాను. పంపే ముందు ఆ రోజు కోటా ఎంత మిగిలిందో చదివి షీట్ పై వరసలో చూపించే లైన్ ఇప్పుడే రాశాను. 100 అని చూపిస్తోంది.