గ్దాన్‌స్క్‌లో అమ్మ కోసం అంబర్ దండ

వార్సాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను పోలండ్‌లోని గ్దాన్‌స్క్ రేవు నగరానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మోత్వావా నది ఒడ్డున ఒక బండి దగ్గర, బరువుగా ఉంది కదా అన్న భరోసాతో అంబర్‌తో, అంటే ఏనాటివో చెట్ల బంక గట్టిపడి రాయిలా మారినదానితో, చేసిన చేతి గాజు కొన్నాను. గదికి వచ్చి ఉప్పునీళ్లలో వేస్తే అది తిన్నగా అడుగుకు చేరింది; అంబర్ మంచినీటిలో మునిగినా, చిక్కటి ఉప్పునీటిలో తేలుతుంది. బంగారం కొనే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నగ మంచిచెడ్డలను ముందు అరచేతితో చూసే అలవాటు నాది. ఆ అలవాటే నన్ను ముంచింది.

రెండోసారి నాన్నగారి షష్టిపూర్తికి అమ్మకు దండ కొందామని వెళ్లినప్పుడు, దుకాణాలకన్నా ముందు అంబర్ మ్యూజియంలో అడుగుపెట్టాను. పద్నాలుగో శతాబ్దపు పెద్ద పిండిమర భవనంలోకి 2021లో తరలివచ్చిన ఆ మ్యూజియంలో, నాలుగు కోట్ల ఏళ్ల నాటి చెట్ల బంకలో చిక్కుకుపోయిన దోమలను భూతద్దంలో చూస్తూ గంటసేపు గడిపాను. అసలు సరుకు రంగులు కంటికి కాస్త అలవాటయ్యాక మరియాత్స్కా వీధికి నడిచాను. సెయింట్ మేరీ చర్చి నుంచి నది వైపు సాగే ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ రాతి మెట్లతో ఎత్తైన అరుగు ఉంటుంది, అరుగు పక్కనే అంబర్ దుకాణం ఉంటుంది. 1945లో శిథిలమై, మళ్లీ పాత పద్ధతిలోనే కట్టిన వీధి అది అంటే నమ్మడం కష్టం.

నేను వెళ్లిన దుకాణంలో ఒక పెద్దావిడ వెనుక బల్ల దగ్గర దండ గుచ్చుతున్నారు. పూసకూ పూసకూ మధ్య ముడి వేస్తున్నారు; దారం తెగినా ఒక్క పూసే పోతుందని, పూసలు ఒకదానినొకటి ఒరుసుకోవని నా వచ్చీరాని పోలిష్‌లో అడిగి తెలుసుకున్నాను. గ్రాము ఎంత అన్న నా ప్రశ్నకు ఆమె నవ్వి, అంబర్‌ను తూకానికే అమ్మినా, ముక్క పెద్దదయ్యేకొద్దీ గ్రాము ధర కూడా పెరుగుతుందని చెప్పారు. తళతళలాడే ఒక పూసలో గుండ్రటి రేకుల్లాంటి మెరుపులు చూసి నేను ముచ్చటపడితే, అవి వేడి చేసినప్పుడు లోపల ఏర్పడే పగుళ్లని, అది నకిలీ కాకపోయినా సహజం అనకూడదని ఆమే చెప్పారు. సహజమైనది, వేడితో మార్చినది, పొడినీ చిన్న ముక్కలనూ నొక్కి చేసినది వేర్వేరు రకాలు కనుక, ఏ రకమో బిల్లు మీద రాయించుకొమ్మని కూడా సలహా ఇచ్చారు. ఉప్పునీటి పరీక్ష సంగతి ఎత్తాను. కొన్ని ప్లాస్టిక్‌లూ, వయసు చాలని కోపల్ అనే బంకా కూడా తేలతాయట. కోపల్ మీద గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ ఒక చుక్క వేస్తే జిగటగా అవుతుందట.

చివరకు మీగడ రంగులో, కోలగా సానబట్టిన పూసల దండ తీసుకున్నాను. లోపల ఉండే, కంటికి కనబడని గాలి బుడగల వల్లే ఆ రంగు వస్తుందట. తూకం 28 గ్రాములు. అదే పరిమాణంలో బంగారమైతే అర కిలోకు దగ్గరగా తూగేది. "సహజమైన అంబర్" అని పోలిష్‌లో రాసిన బిల్లునూ, అత్తరు తగలనివ్వద్దు, ఎండలో ఉంచవద్దు అన్న జాగ్రత్తలనూ దండతో పాటే మూట కట్టుకున్నాను.

అమ్మ దండను అరచేతిలో వేసుకోగానే, "ఇంత తేలిగ్గా ఉందేమిట్రా, ప్లాస్టిక్ కాదు కదా?" అంది. నేను మారు మాట్లాడకుండా ఒక పూసను ఆమె పట్టుచీర కొంగుకు గట్టిగా రుద్ది, చింపిన కాగితం ముక్కల మీద పెట్టాను. రెండు ముక్కలు ఎగిరి అతుక్కున్నాయి. ప్లాస్టిక్ కూడా అలాగే లాగుతుందన్న సంగతి మాత్రం అప్పుడు చెప్పలేదు. సంస్కృతంలో దీన్ని తృణమణి, అంటే గడ్డిపోచను లాగే మణి అంటారని నాన్నగారు అందుకున్నారు. అమ్మ ఆ కాగితం ముక్కలను దులిపి, "బిల్లు ఏదీ?" అంది.