ఆనప గింజల వేడి: మూడోసారీ బోల్తా

వైరస్ చావాలని వేడి పెట్టిన పన్నెండు ఆనప గింజల్లో రెండే మొలిచాయి. ఆ రెండింటికీ బీజదళాల అంచులు తెల్లగా మాడాయి. పక్క ట్రేలో వేడి పెట్టని పన్నెండులో పది లేచాయి, కాబట్టి తప్పు కోకోపీట్‌ది (కొబ్బరి పీచు పొడిది) కాదు.

కిందటేడు డాబా మీద త్రీజీ కటింగ్ (ఆడపూలు ఎక్కువ రావాలని కొమ్మల కొసలు కత్తిరించడం) చేసిన నాలుగు ఆనప తీగలకూ, కత్తి వెళ్లిన వరసలోనే, ఆకుల మీద ముదురాకుపచ్చ బుడిపెలు తేలాయి. కత్తి తగలని ఐదోది కళకళలాడింది. పరీక్ష చేయించలేదు గానీ నా అనుమానం కుకుంబర్ గ్రీన్ మాటిల్ మొజాయిక్ వైరస్ మీదే. రసం అంటితే చాలు, పాకేస్తుంది. గింజతోనూ వస్తుంది. వేపనూనె కొట్టమనేవాళ్లకో దండం, ఇది తెల్లదోమ మోసే రకం కాదు.

గింజకి చెప్పే పద్ధతి పొడివేడి: 72 డిగ్రీలు, 72 గంటలు. మా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) డయల్ మీద 100కి కింద గీతే లేదు. దాని కిందెక్కడో తిప్పిపెట్టి, థర్మామీటరు గింజల పక్కనే ఉంచి గంటకోసారి రాసుకున్నా (రాత్రుళ్లు అలారం పెట్టుకుని, ఇంట్లో తిట్లు తింటూ). కరెంటు ఉన్నంతసేపు తక్కువ 61, ఎక్కువ 88. రెండో రాత్రి కరెంటు పోయి గంటా పది నిమిషాలకి 38కి దిగింది. 88 వల్లే చచ్చాయనుకుందామంటే రెండో విడతలో 79 దాటలేదు, అప్పుడూ మూడే మొలిచాయి.

ఇప్పుడు నా లెక్క తేమ మీదకి పోతోంది. విజయనగరం వానాకాలం, ప్లాస్టిక్ డబ్బాలో గింజలు. వేళ్లతో వంచితే వంగుతున్నాయి, విరగట్లేదు. తడి గింజని అంత వేడిలో పెడితే ఉడకదా మరి! 35లో ఒక రోజు, 50లో ఒక రోజు ఆరబెట్టాకే పైకి వెళ్లాలి. నేను నేరుగా ఎక్కించేశా.

వైరస్ అంటకుండా కత్తినీ చేతుల్నీ 20 శాతం స్కిమ్ పాలపొడి నీళ్లలో ముంచడం మాత్రం ఈసారి బాగా కుదిరింది, ఆకుల మీద మచ్చ లేదు.

2014లో ఆస్ట్రేలియాలో కాథరిన్ వైపు పుచ్చ తోటల్లో ఈ వైరస్ దొరికాక, దిగుమతయ్యే గింజల లాటుకి 9,400 గింజలు పరీక్షించాలన్నారు. నా ప్యాకెట్లో ఉన్నవే నలభై!

గజపతినగరం పిన్ని గింజలడిగింది. "ఈ ఏడాదికి వద్దు పిన్నీ" అన్నా, ముఖం మాడ్చుకుంది.

తర్వాతి ప్రయత్నం సొంత వేడిపెట్టెతో: పాత బియ్యం డబ్బా, బల్బు, గుడ్లు పొదిగించే పెట్టెల్లో వాడే థర్మోస్టాట్, ఇన్వర్టరు. గింజలకి ముందు సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలతో) వారం. ఓటీజీ ఇక బిస్కెట్లకే.