మనమే రాయించిన మాట

మా నాన్న చిన్నప్పుడు మా ఊరి టీ బంకులో గ్లాసులు రెండు రకాలు. మా వాడవాళ్ళవి చూరులో దోపి ఉండేవి. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. నేను కాలేజీకొచ్చేసరికి ఆ గ్లాసులు పోయి మాకు ప్లాస్టిక్ కప్పులొచ్చాయి, మిగతావాళ్ళకి మాత్రం గాజు గ్లాసే. కడిగే పని తప్పింది, అంతే.

ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2007లో భారత్ గురించి రాసిన పరిశీలనలు ఈమధ్య చదువుతుంటే ఆ గ్లాసులే కళ్ళముందు కదిలాయి. ఈ కమిటీలో 18 మంది నిపుణులు ఉంటారు. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందంలో చేరిన దేశాలే ఓటేసి వాళ్ళని నాలుగేళ్ళ పదవికి ఎన్నుకుంటాయి, కానీ ఎన్నికయ్యాక వాళ్ళు తమ దేశం తరఫున మాట్లాడకూడదు, సొంత బుద్ధితో మాట్లాడాలి. ఈ పనికి జీతం లేదు. మాజీ రాయబారులు కూడా వస్తుంటారు కాబట్టి అందరూ ఒకేలా నిక్కచ్చిగా ఉంటారని నేననను. అయినా ఒక ప్రభుత్వాన్ని ఎదురుగా కూర్చోబెట్టి ‘మీరు రాసింది ఇది, అక్కడ జరుగుతున్నది ఇది, ఏమంటారు?’ అని పేరాలవారీగా అడిగే చోటు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి!

అసలు సంగతి 1965లో ఉంది. జాతి వివక్ష అంటే ఏమిటో నిర్వచనం రాస్తున్నప్పుడు, జాతి, రంగు లాంటి మాటల పక్కన ‘డిసెంట్’, అంటే పుట్టిన వంశం, అన్న మాట చేర్చమని ప్రతిపాదించింది భారతదేశమే. 1968లో ఒప్పందాన్ని ఆమోదించాం కూడా. తర్వాత కమిటీ ‘మరి కులం పుట్టుకతో వచ్చేదే కదా’ అని అడిగితే, కులం జాతి కాదు, వంశం కిందికీ రాదు అని మన ప్రభుత్వం జవాబు. కమిటీ 1996లోనే ఆ వాదన ఒప్పుకోలేదు. 2002లో అయితే అన్ని దేశాలకీ కలిపి ఒక సాధారణ సిఫారసు రాసి, వంశం అంటే కులం కూడా అని తేల్చేసింది.

2007 ఫిబ్రవరిలో మన ప్రతినిధులు జెనీవా వెళ్ళారు. ఒప్పందాన్ని ఎలా అమలు చేస్తున్నామో రెండేళ్ళకొకటి ఇవ్వాల్సిన నివేదికలు ఐదు కలిపి ఒకటిగా ఇచ్చారు, అందులోనూ కులం మీద పాత మాటే. కమిటీ చేతిలో మాత్రం ఆ నివేదికొక్కటే లేదు. దళిత సంఘాలు, హక్కుల సంఘాలు పంపిన షాడో రిపోర్టులు, అంటే సర్కారు నివేదిక పక్కన విడిగా రాసిన నివేదికలు, కూడా ఉన్నాయి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే, సర్కారు చెప్పనిది ఊళ్ళో మనిషి చెప్పొచ్చు. చివరికి కమిటీ రాసిన పేరాలో గుడి, ఇల్లు, ఆసుపత్రి, బడి, నీళ్ళు, సంత, ఇతర బహిరంగ స్థలాలు అన్నిట్లో దళితుల్ని వేరుగా ఉంచడం ఇంకా సాగుతోందని ఉంది. ఆ ‘ఇతర బహిరంగ స్థలాలు’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా టీ బంకు అందులోదే.

ఇంటిగుట్టు బయట పెట్టుకోవడం ఎందుకు, మనకి చట్టాలు లేవా అని నా స్నేహితులే అంటారు. ఉన్నాయి. 1955 నుంచి పౌరహక్కుల రక్షణ చట్టం ఉంది, 1989 నుంచి అట్రాసిటీ చట్టం ఉంది. చూరులో గ్లాసులు పెట్టిన కాలానికి మొదటిది ఉండనే ఉంది. మా వాడ నుంచి ఎవరైనా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ‘గ్లాసు వేరుగా పెట్టారు’ అని చెప్పగలిగారా, చెప్పి మర్నాడు అదే ఊళ్ళో కూలికి వెళ్ళగలిగారా? ఊళ్ళో నోరు విప్పలేని మనిషి తరఫున, ఆ ఊరితో ఏ సంబంధమూ లేనివాళ్ళు అడగడం వల్ల దేశం పరువేమీ పోదు. పరువు తీసింది ఆ గ్లాసు.

కమిటీకి పోలీసులు లేరు, జరిమానా వేసే అధికారమూ లేదు. ఒక్క మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలు కూడా ఆ ఒప్పందంలో ఉంది గానీ, దానికి మన దేశం విడిగా ఒప్పుకోవాలి, ఒప్పుకోలేదు. తర్వాతి నివేదిక 2010 జనవరికి ఇవ్వాల్సింది. 2007 తర్వాత మనవాళ్ళు ఆ కమిటీ ముందు మళ్ళీ కూర్చోలేదు.

మొన్న ఫోన్లో నాన్నకి ఇదంతా చెప్పాను. అంతా విని, “ప్లాస్టిక్ కప్పు సంగతి రాశారా?” అని అడిగాడు. రాయలేదు నాన్నా అన్నాను. నివేదిక ఎప్పుడిచ్చినా ఆ పక్కన వెళ్ళే షాడో రిపోర్టులో అది ఉండాలి. మా ఊరి సంగతి తారీఖులతో సహా రాయడం మొదలుపెట్టాను.