ఉఫ్‌మని ఒక్క ఊపిరి

"ఉఫ్" మని ఊపిరి వదిలిన చప్పుడు. తల తిప్పేలోపు నల్లటి వీపు, చిన్న ముక్కోణపు రెక్క కనపడి మునిగిపోయాయి.

డెన్మార్క్‌లో, కెర్టెమిండె రేవు పక్కన ఉన్నాను. ఇక్కడ 1997 నుంచి డాల్ఫిన్‌కు చుట్టాలైన హార్బర్ పోర్పస్‌లనే చిన్న సముద్ర జీవుల మీద పరిశోధన జరుగుతోంది. ట్రైనర్ ఒక పోర్పస్ రెండు కళ్లకూ మెత్తటి సిలికాన్ కప్పులు తొడిగి, చేపను నీళ్లలోకి విసిరింది. నేరుగా వెళ్లి పట్టేసింది! నాకు మాత్రం ఏ చప్పుడూ వినపడలేదు. క్లిక్కుమని చప్పుళ్లు చేసి, వాటి ప్రతిధ్వనితో చేప ఎక్కడుందో అది కనిపెడుతుంది. ఆ క్లిక్కులు దాదాపు 130 కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. చేపను అందుకునే ముందు సెకనుకు 300కు పైగా క్లిక్కులట.

ఇక్కడి సముద్రంలో తిరిగే పోర్పస్‌లకు చిన్న రికార్డర్లు అతికించి చూస్తే, గంటకు 550 దాకా చిన్న చేపల వెంట పడుతున్నాయని 2016లో తేలింది. పదింట తొమ్మిదిసార్లకు పైగా దొరుకుతాయి కూడా. చిన్న ఒళ్లు, చన్నీళ్లు, ఎప్పుడూ ఆకలే. పెద్ద ఓడ హోరుకు ఒక్కోసారి వేట ఆపేస్తాయని తర్వాత తెలిసింది.

అది విన్నాక మనసు చివుక్కుమంది. బయటికొచ్చేసరికి రేవులో ఎవరో మోటారు స్టార్ట్ చేస్తున్నారు. నా చూపు మాత్రం నీళ్ల మీదే ఉంది.